ఐసీడీ షాకులు ఆగని పేషెంట్: ఎడమ స్టెల్లేట్ బ్లాక్ ఇచ్చాక ఏమైంది

57 ఏళ్ల మగ పేషెంట్. ఆరేళ్ల కింద పెద్ద యాంటీరియర్ హార్ట్ ఎటాక్, స్టెంట్ పడింది కానీ అప్పటికే ఆలస్యం అవడంతో ఎడమ వెంట్రికిల్ ముందు గోడ చాలావరకు మచ్చ కట్టేసింది, ఈజెక్షన్ ఫ్రాక్షన్ (ఈఎఫ్, ఒక్కో బీట్‌కి ఎడమ వెంట్రికిల్ బయటికి తోసే రక్తం వాటా) 25 శాతం దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఐసీడీ పెట్టారు, అంటే గుండె లయ ప్రమాదకరంగా తప్పితే పేసింగ్‌తో (చిన్న కరెంట్ పల్సులతో) గానీ షాక్‌తో గానీ సరిచేసే, ఒంట్లో అమర్చే డివైస్. ఇన్నేళ్లలో ఒకట్రెండు సార్లు వీటీ, అంటే వెంట్రిక్యులర్ టాకీకార్డియా (వెంట్రికిల్ నుంచి పుట్టే ప్రమాదకరమైన వేగపు లయ) వస్తే డివైస్ పేసింగ్‌తోనే కట్ చేసేసింది, ఆయనకి తెలియను కూడా తెలియలేదు. వాడే మందులు మామూలే, అమియోడరోన్ 200, మెటోప్రొలాల్, స్టాటిన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, డైయూరెటిక్.

ఈసారి జ్వరం, విరేచనాలు రెండు మూడు రోజులు ఉన్నాయి, మాత్రలు కూడా సరిగ్గా లోపలికి పోలేదు. రాత్రి నిద్రలో మొదటి షాక్ కొట్టింది. లేచి కూర్చునేలోపు ఇంకోటి. మా దగ్గరకి వచ్చేసరికి ఎనిమిది షాకులు తిన్నాడు, ఎమర్జెన్సీలో మా కళ్లముందే తొమ్మిదోది పడింది. షాక్ పూర్తి స్పృహలో ఉండగా పడితే ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది, మంచం మీంచి మనిషి ఎగిరిపడతాడు, తర్వాత కాసేపు మాట రాదు.

24 గంటల్లో విడివిడిగా మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు వీటీ గానీ వీఎఫ్ (వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్, వెంట్రికిల్ పంప్ చేయకుండా అడ్డదిడ్డంగా వణకడం) గానీ వచ్చి ట్రీట్ చేయాల్సి వస్తే దాన్ని ఎలక్ట్రికల్ స్టార్మ్ అంటాం. ఈయన ఆ గీత ఎప్పుడో దాటేశాడు.

ముందు చేయాల్సింది డివైస్ ఇంటరాగేషన్, అంటే డివైస్‌లో రికార్డ్ అయింది చదవడం, ఇది దాటేసి మందుల మీద పడకూడదు, ఎందుకంటే లీడ్ (డివైస్ నుంచి గుండెలోకి పోయే వైరు) విరిగి నాయిస్ వల్ల షాకులు పడుతుంటే అక్కడ చేయాల్సిన పని పూర్తిగా వేరు. చూస్తే అన్నీ న్యాయమైన షాకులే. ఒకే ఆకారంలో ఉన్న వీటీ, నిమిషానికి 190 దగ్గర, మచ్చ చుట్టూ తిరిగే సర్క్యూట్ లాగే ఉంది. యాంటీటాకీకార్డియా పేసింగ్ కొన్నిసార్లు పనిచేసింది, కొన్నిసార్లు వీటీని ఇంకా స్పీడ్ చేసి వదిలేసింది, అప్పుడు షాక్. పొటాషియం 3.4, మెగ్నీషియం కూడా తక్కువే, విరేచనాలు ప్లస్ డైయూరెటిక్ కదా. ట్రోపోనిన్ కొంచెం పెరిగింది గానీ అన్ని షాకుల తర్వాత ఆ మాత్రం పెరగడం మామూలే, ఈసీజీలో కొత్త ఇస్కీమియా లేదు. అమియోడరోన్ మీద ఏళ్లుగా ఉన్నాడు కాబట్టి థైరాయిడ్ పంపాం, అది నార్మల్. ఈసీజీలో క్యూటీ (వెంట్రికిల్ కరెంట్ పరంగా కొట్టుకుని మళ్లీ రెడీ అవడానికి పట్టే టైమ్) మరీ పొడవుగా లేదు.

పొటాషియం 4.5 పైకి తెచ్చాం, మెగ్నీషియం ఇచ్చాం, అమియోడరోన్ ఐవీ బోలస్, ఇన్ఫ్యూజన్, దానిమీద లిడోకెయిన్. డివైస్‌లో డిటెక్షన్ టైమ్ పెంచి పేసింగ్ ప్రయత్నాలు ఎక్కువ పెట్టాం, వీటీ తనంతట తాను ఆగిపోయే ఛాన్స్ ఉంటే ఆ ఛాన్స్ ఇవ్వాలి, తొందరపడి షాక్ కొట్టకూడదు అని. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే, అందరూ చేసేవే. అయినా ఇంకో రెండు షాకులు.

ఇక్కడ నేను మానిటర్ కన్నా మనిషిని ఎక్కువ చూశాను. షాకుల మధ్యలో సైనస్ రేటు (గుండె మామూలు లయలో కొట్టుకునే రేటు) 112, చేతులు చల్లగా, ఒళ్లంతా చెమట, రెండు చేతులతో మంచం రాడ్ గట్టిగా పట్టుకుని ఉన్నాడు. మానిటర్ ఒక్క పీవీసీకి (వెంట్రికిల్ నుంచి ముందే వచ్చే అదనపు బీట్) బీప్ అంటే చాలు, కళ్లు అటు తిరుగుతాయి, రేటు 130కి పోతుంది, ఆ వెంటనే పీవీసీలు గుంపుగా వస్తాయి, వాటిలో ఒకటి వీటీని స్టార్ట్ చేస్తుంది. "ఇంకోటి వస్తుందా సార్" అని ప్రతి ఐదు నిమిషాలకీ అడుగుతున్నాడు. నేనేం చెప్పను, రాదని చెప్తే అబద్ధం.

సర్క్యూట్ ఉన్నది మచ్చలో, అది ఆరేళ్ల నుంచీ అక్కడే ఉంది, ఈ రాత్రే ఎందుకు ఊరుకోవట్లేదు అంటే దానికి సమాధానం మచ్చలో దొరకదు. నొప్పి, భయం, షాక్, వీటి వల్ల సింపథెటిక్ నరాలు (ప్రమాదంలో ఒంటిని, గుండెని ఉరికించే నరాలు) ఫుల్‌గా ఫైర్ అవుతాయి, వెంట్రికిల్ కండలో నార్‌ఎపినెఫ్రిన్ వరదలా వస్తుంది, దాంతో రిఫ్రాక్టరీ టైమ్ (ఒక బీట్ తర్వాత కండ మళ్లీ స్పందించలేని టైమ్) ఒక చోట తగ్గి ఒక చోట తగ్గక అసమానం అవుతుంది, పీవీసీలు పెరుగుతాయి, వీటీ, మళ్లీ షాక్, మళ్లీ భయం. ప్రాణం కాపాడే షాకే తర్వాతి వీటీకి మేత వేస్తోంది. ఈ గొలుసు ఎక్కడో ఒకచోట తెంపాలి, సోడియం ఛానల్ మందు ఇంకోటి కలపడం ఆ తెంపడం కాదు అని నా అభిప్రాయం.

గుండెకి వెళ్లే సింపథెటిక్ నరాల దారి తెలిస్తే తర్వాత చెప్పేది ఈజీగా అర్థమవుతుంది. వెన్నుపాములో పైన ఉన్న థొరాసిక్ సెగ్మెంట్ల నుంచి, అంటే టీ1 నుంచి టీ4, టీ5 దాకా, ఫైబర్లు బయటికొచ్చి వెన్నెముక పక్కన గొలుసులా ఉన్న గ్యాంగ్లియన్లలోకి (నరకణాల ముద్దలు) పోతాయి. మెడ అడుగున, కింది సర్వైకల్ గ్యాంగ్లియన్, మొదటి థొరాసిక్ గ్యాంగ్లియన్ చాలామందిలో కలిసిపోయి ఒకటే ముద్దగా ఉంటాయి, అదే స్టెల్లేట్ గ్యాంగ్లియన్. కుడికి ఒకటి, ఎడమకి ఒకటి. గుండెకి పోయే సింపథెటిక్ ట్రాఫిక్‌లో పెద్ద భాగం ఈ రెండు జంక్షన్ల గుండానే పోతుంది. గుండెని నెమ్మదింపజేసే వేగస్ నరం దారి వేరు, మెదడు కాండం నుంచి నేరుగా మెడలోంచి దిగి గుండె మీద ఉన్న చిన్న గ్యాంగ్లియన్లలో ఆగుతుంది. వేగస్‌ని స్టిమ్యులేట్ చేస్తే గుండె ఆగుతుందని 1845లోనే వెబర్ అన్నదమ్ములు చూపించారు, ఆ నరం చివర్లో ఏదో కెమికల్ విడుదలవుతుందని 1921లో ఓటో లోవి రెండు కప్ప గుండెలతో నిరూపించి 1936లో హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ తీసుకున్నాడు, ఈ కథ ఫిజియాలజీ చదివిన ప్రతివాళ్లకీ తెలుసు.

నాకు ఈ కేసులో పనికొచ్చింది మాత్రం ఇటలీ కార్డియాలజిస్ట్ పీటర్ ష్వార్ట్జ్ పని. మిలాన్‌లో, తర్వాత పావియాలో, ఆయన జీవితమంతా దాదాపు ఒకటే ప్రశ్న మీద కూర్చున్నాడు: నరాల బ్యాలెన్స్ తప్పితే వెంట్రికిల్ ఫిబ్రిలేట్ అవుతుందా, ఆ బ్యాలెన్స్ మనం మార్చగలమా. 1976లో కుక్కల మీద ఒక పేపర్ వచ్చింది. ఎడమ స్టెల్లేట్ తీసేస్తే వెంట్రికిల్‌ని ఫిబ్రిలేట్ చేయడానికి కావాల్సిన కరెంట్ పెరిగింది, అంటే గుండె గట్టిపడింది. కుడి స్టెల్లేట్ ఒక్కటే తీసేస్తే అది తగ్గింది, అంటే ఇంకా డేంజర్. రెండూ సింపథెటిక్కే, రెండూ గుండెకే పోతాయి, కానీ ఒకవైపు తీస్తే మేలు, ఇంకోవైపు ఒక్కటే తీస్తే కీడు. కుడి తీసినప్పుడు రిఫ్లెక్స్‌గా ఎడమవైపు యాక్టివిటీ పెరిగిపోతుందని, వెంట్రికిల్ విషయంలో పెత్తనం ఎడమదని దానికి వివరణ.

మెడలో సింపథెటిక్ తీయడం ఆయన కనిపెట్టింది కాదు. 1916లోనే బుఖారెస్ట్‌లో థోమా యొనెస్కు అనే సర్జన్ యాంజైనాకి ఎడమ స్టెల్లేట్ తీశాడు. 1961లో ఎస్టెస్, ఇజ్లార్ ఆగకుండా వస్తున్న వీటీకి రెండువైపులా సింపథెక్టమీ చేసి రిపోర్ట్ చేశారు. 1971లో మాస్, మెక్‌డొనాల్డ్ లాంగ్ క్యూటీ (క్యూటీ పొడవుగా ఉండి ప్రమాదకరమైన లయలు వచ్చే జబ్బు) ఉన్న పేషెంట్‌కి ఎడమవైపు చేశారు. ష్వార్ట్జ్ చేసింది ఏంటంటే, ఈ విడి విడి కేసుల వెనక ఒక లాజిక్ పెట్టడం, ఎందుకు ఎడమ, ఎంతవరకు తీయాలి, ఎవరికి పనిచేస్తుంది అని ల్యాబ్ నుంచి పేషెంట్ దాకా ఒకటే దారిలో వెళ్లడం. 2004లో లాంగ్ క్యూటీ పేషెంట్లు 147 మంది ఫలితాలు వేశారు, సర్జరీ తర్వాత ఏడాదికి వచ్చే కార్డియాక్ ఈవెంట్లు 91 శాతం తగ్గాయి. పూర్తిగా పోలేదు, తగ్గాయి, ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఆయన కుక్కల మోడల్ ఇంకోటి ఉంది, అది నాకు బాగా ఇష్టం ఎందుకంటే అది దాదాపు మన పేషెంటే. పాత యాంటీరియర్ ఇన్‌ఫార్క్ట్ ఉన్న కుక్కని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, పరుగు చివరి నిమిషంలో వేరే కరోనరీ ఆర్టరీని రెండు నిమిషాలు మూస్తారు. కొన్ని కుక్కలు ఫిబ్రిలేట్ అవుతాయి, కొన్ని అవ్వవు. రెండు గ్రూపులకీ హార్ట్ ఎటాక్ అయింది, రెండూ పరిగెత్తాయి, మరి తేడా ఎక్కడ? బారోరిఫ్లెక్స్‌లో, అంటే బీపీ పెరిగితే గుండె రేటు తగ్గించే రిఫ్లెక్స్‌లో. ఫినైలెఫ్రిన్ ఇచ్చి బీపీ పెంచితే వేగస్ గట్టిగా స్పందించి రేటు తగ్గించిన కుక్కలు ఎక్కువగా బతికాయి, వేగస్ బద్ధకంగా ఉన్నవి ఎక్కువగా ఫిబ్రిలేట్ అయ్యాయి. 1998లో ఇదే ఆలోచన మనుషుల్లో, అట్రామి స్టడీగా వచ్చింది, హార్ట్ ఎటాక్ తర్వాత 1284 మంది, బారోరిఫ్లెక్స్ సెన్సిటివిటీ 3 కన్నా తక్కువ ఉన్నవాళ్లలో కార్డియాక్ మరణాలు ఎక్కువ, ఈజెక్షన్ ఫ్రాక్షన్‌తో సంబంధం లేకుండా అది విడిగా రిస్క్ చెప్పింది.

మరి హార్ట్ ఎటాక్ పేషెంట్లకి ఎడమవైపు సర్జరీ అప్పటినుంచే రొటీన్ ఎందుకు కాలేదు అంటే దానికో సరదా కారణం ఉంది. 1992లో వాళ్లే ట్రయల్ వేశారు, హై రిస్క్ యాంటీరియర్ ఇన్‌ఫార్క్ట్ పేషెంట్లలో, సగటున 22 నెలలు చూస్తే సడన్ డెత్ ప్లాసిబోలో 21.3 శాతం, ఆక్స్‌ప్రెనొలాల్ అనే బీటా బ్లాకర్ (గుండె మీద నార్‌ఎపినెఫ్రిన్ పనిని అడ్డుకునే మందు) మాత్రలో 2.7, ఎడమ సింపథెటిక్ సర్జరీలో 3.6. సర్జరీ గెలిచింది, కానీ మాత్ర కూడా అంతే గెలిచింది. మాత్రతో అయ్యే పనికి ఛాతీ ఎవరు తెరిపించుకుంటారు. కాబట్టి ఐడియా పక్కకి పోయింది, బీటా బ్లాకర్ ఇంటింటికీ వెళ్లింది. స్టార్మ్ దగ్గర మళ్లీ బయటికి ఎందుకొచ్చిందంటే, స్టార్మ్ పేషెంట్ అంటేనే బీటా బ్లాకర్ మీద ఉండి కూడా కొట్టుకుంటున్నవాడు.

బీటా బ్లాకర్‌తో ఎందుకు ఆగదు? ఒకటి, నరం చివర నార్‌ఎపినెఫ్రిన్ ఒక్కటే రాదు, గట్టిగా ఫైర్ అయినప్పుడు న్యూరోపెప్టైడ్ వై లాంటివి కూడా వస్తాయి, వాటికి బీటా బ్లాకర్ అడ్డం కాదు. రెండు, ఫెయిల్ అవుతున్న గుండెలో బీటా1 రిసెప్టర్లు తగ్గి బీటా2 వాటా పెరుగుతుంది, మెటోప్రొలాల్ ప్రధానంగా బీటా1 మందు. మూడు, మచ్చ అంచుల్లో ఇన్‌ఫార్క్ట్ తర్వాత నరాలు కొత్తగా, అడ్డదిడ్డంగా మొలుస్తాయి, పెంగ్ షెంగ్ చెన్ గ్రూప్ 2000లో కుక్కల్లో ఇన్‌ఫార్క్ట్ పెట్టి ఎడమ స్టెల్లేట్‌కి నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ ఎక్కిస్తే సడన్ డెత్‌లు వచ్చాయి. సరిగ్గా సర్క్యూట్ ఉన్న చోటే నరాలు ఒక చోట గుబురుగా, ఒక చోట ఖాళీగా ఉంటాయన్నమాట.

అందుకని మా ఆర్డర్ ఇలా మారింది. మెటోప్రొలాల్ ఆపి ప్రొప్రనొలాల్ మొదలుపెట్టాం, 40 మి.గ్రా ఆరు గంటలకోసారి, బీపీ చూసుకుంటూ. ఇది పాత మందు, చాలామంది జూనియర్లు దీన్ని మైగ్రేన్ మందు అనుకుంటారు, కానీ బీటా1, బీటా2 రెండూ మూస్తుంది, మెదడులోకి కూడా పోతుంది. 2018లో ఐసీడీ ఉన్న 60 మంది స్టార్మ్ పేషెంట్లకి అమియోడరోన్ మీద ప్రొప్రనొలాల్ లేదా మెటోప్రొలాల్ ఇచ్చి చూశారు, 24 గంటలకి అరిథ్మియా లేనివాళ్లు ప్రొప్రనొలాల్‌లో 90 శాతం, మెటోప్రొలాల్‌లో 53 శాతం. చిన్న ట్రయలే, కానీ తేడా చిన్నది కాదు. 25 శాతం ఈఎఫ్ ఉన్నవాడికి ఈ డోస్ ఇవ్వడానికి చేయి వణుకుతుంది, ఒప్పుకుంటాను, కానీ ప్రతి షాక్ కూడా ఆ గుండెని దెబ్బతీసేదే. బీపీ పడిపోయి షాక్‌లో ఉన్న పేషెంట్, ఐనోట్రోప్ (గుండె బలం పెంచే మందు) మీద ఉన్న పేషెంట్ అయితే ఇలా ఇవ్వను, ఈయన బీపీ 104/66 ఉంది, కాళ్లూ చేతులూ చల్లగా ఉన్నది భయం వల్ల, లాక్టేట్ నార్మల్.

దానితో పాటు సెడేషన్. మిడజోలమ్, ఫెంటనిల్. పేషెంట్ మెలకువగా ఉండగా షాకులు తినడం మానవత్వం విషయం మాత్రమే కాదు, ట్రీట్‌మెంట్ విషయం కూడా. మానిటర్ అలారం సౌండ్ బెడ్ దగ్గర ఆపేసి సెంట్రల్ స్టేషన్‌లో ఉంచాం. ఇది చిన్న విషయమే, ఏ గైడ్‌లైన్‌లోనూ పెద్దగా రాయరు, కానీ ఆ బీప్‌కి ఆయన రేటు ఎలా దూకిందో చూశాం కదా.

సెడేషన్‌తో నాలుగు గంటలు బాగుంది, తర్వాత మళ్లీ వీటీ, మళ్లీ షాక్. అప్పుడు స్టెల్లేట్ బ్లాక్ నిర్ణయం, అంటే ఎడమ స్టెల్లేట్‌ని లోకల్ అనస్థెటిక్‌తో కొన్ని గంటలు మొద్దుబార్చడం. దీనికి నాకు ధైర్యమిచ్చే పాత డేటా 2000లో నాదెమనీ వాళ్లది, స్టార్మ్‌లో ఉన్న 49 మంది, 27 మందికి సింపథెటిక్ బ్లాకేడ్ (స్టెల్లేట్ బ్లాక్ గానీ ప్రొప్రనొలాల్, ఎస్మొలాల్ గానీ), 22 మందికి అప్పటి ప్రోటోకాల్ ప్రకారం యాంటీఅరిథ్మిక్‌లు. వారంలో మొదటి గ్రూపులో 22 శాతం పోయారు, రెండో గ్రూపులో 82 శాతం. రాండమైజ్డ్ కాదు, ఆనాటి మందులు ఈనాటివి కావు, అయినా 22కీ 82కీ మధ్య ఉన్న దూరాన్ని పూర్తిగా పక్కన పెట్టలేం. 2024లో యూరప్ సెంటర్ల నుంచి స్టార్ అనే స్టడీ వచ్చింది, 131 మంది, 184 స్టెల్లేట్ బ్లాకులు, నడిపించింది పావియావాళ్లే, ష్వార్ట్జ్ పాత ఊరు. బ్లాక్ తర్వాత ట్రీట్ చేయాల్సిన ఎపిసోడ్లు బాగా తగ్గాయి, పెద్ద కాంప్లికేషన్లు చాలా అరుదు.

అనస్థీషియా కొలీగ్ చేశారు, బెడ్ దగ్గరే, అల్ట్రాసౌండ్ కింద. సీ6 లెవెల్‌లో ప్రోబ్ పెడితే కెరోటిడ్, జుగులర్, థైరాయిడ్, వెనక లాంగస్ కోలై కండ కనిపిస్తాయి. ఆ కండ మీద ఉన్న పొర కింద మందు పడాలి, అక్కడినుంచి అది కిందకి పాకి స్టెల్లేట్‌ని తడుపుతుంది, నేరుగా గ్యాంగ్లియన్‌లోకి సూది పెట్టక్కర్లేదు, పెట్టకూడదు కూడా, కింద ప్లూరా (ఊపిరితిత్తి పొర) ఉంది. దారిలో వెర్టెబ్రల్ ఆర్టరీ ఎక్కడుందో కలర్ డాప్లర్ వేసి చూడాలి, అందులోకి కొంచెం లోకల్ అనస్థెటిక్ పోయినా ఫిట్స్ వస్తాయి. ఈయన రెండు యాంటీప్లేట్‌లెట్ల మీద ఉన్నాడు కాబట్టి సన్న సూది, ఒకే పాస్, తర్వాత చేత్తో నొక్కి పట్టడం. బుపివకెయిన్ 0.25 శాతం 10 మి.లీ, కొంచెం కొంచెంగా, ప్రతిసారీ వెనక్కి లాగి చూసుకుంటూ. ఆల్రెడీ లిడోకెయిన్ ఇన్ఫ్యూజన్ ఉంది కాబట్టి లోకల్ అనస్థెటిక్ టాక్సిసిటీ లెక్క ముందే వేసుకున్నాం, ఇన్ఫ్యూజన్ ఆపాం, లిపిడ్ ఎమల్షన్ (ఆ టాక్సిసిటీకి విరుగుడు) పక్కన రెడీ. ఇది చాలామంది మర్చిపోతారు, రెండూ ఒకే జాతి మందులు.

పది నిమిషాల్లో ఎడమ కన్రెప్ప కొంచెం వాలింది, కంటిపాప చిన్నదైంది, ఎడమ చెయ్యి వెచ్చబడింది. హార్నర్ వచ్చింది. మా ఫెలో మానిటర్ చూసి అడిగాడు, "సార్, రేటు 96 నుంచి 92కే తగ్గింది, బ్లాక్ సరిగ్గా పడలేదేమో, రిపీట్ చేద్దామా?" మంచి ప్రశ్న, చాలామంది మనసులో ఉండేదే. సైనస్ నోడ్ మీద పెత్తనం ఎక్కువగా కుడి స్టెల్లేట్‌ది. ఎడమవైపు ఆపితే రేటు పెద్దగా పడకపోవచ్చు, మనకి కావాల్సింది రేటు కాదు, వెంట్రికిల్. రేటు చూసి బ్లాక్ ఫెయిల్ అనుకోవడం, హార్నర్ చూసి బ్లాక్ సక్సెస్ అనుకోవడం, రెండూ తప్పే. హార్నర్ వచ్చిందంటే తలకి పోయే ఫైబర్లు మూగబోయాయని అర్థం, గుండెకి పోయేవి కూడా మూగబోయాయని గ్యారంటీ లేదు. చూడాల్సింది పీవీసీలు, వీటీ. రిపీట్ వద్దు, గంట ఆగుదాం అన్నాను.

గంటలో పీవీసీలు తగ్గాయి, గుంపులు పోయి అక్కడొకటి ఇక్కడొకటి మిగిలాయి. ఆ రాత్రంతా వీటీ లేదు. గొంతు కొంచెం బొంగురుపోయింది, వోకల్ కార్డుని నడిపే రికరెంట్ లారింజియల్ నరం మందుకి తడిసింది, ఉదయానికి సరిపోయింది. ఇదే కారణంతో రెండువైపులా ఒకేసారి బ్లాక్ ఇవ్వాలంటే చాలా ఆలోచిస్తాం, రెండు వోకల్ కార్డులూ, డయాఫ్రమ్‌ని కదిలించే రెండు ఫ్రీనిక్ నరాలూ ఒకేసారి దెబ్బతింటే వెంటిలేటరే గతి.

బుపివకెయిన్ పనిచేసేది కొన్ని గంటలే, కానీ అరిథ్మియా మీద దాని ఎఫెక్ట్ చాలాసార్లు అంతకన్నా ఎక్కువసేపు ఉంటుంది. ఎందుకు అంటే, గొలుసు ఒకసారి తెగితే పేషెంట్ నిద్రపోతాడు, పొటాషియం సర్దుకుంటుంది, అమియోడరోన్ లోడ్ అవుతుంది, షాకులతో కొట్టుకుపోయిన కండ కోలుకుంటుంది, నరం తిరిగి మేలుకునేసరికి పరిస్థితి మారిపోయి ఉంటుందని నేననుకుంటాను. మా పేషెంట్‌కి మర్నాడు సాయంత్రం వీటీ మళ్లీ వచ్చింది, కానీ ఈసారి 160 దగ్గర, పేసింగ్‌కి ఆగిపోయింది, షాక్ పడలేదు. ఆ స్లో అవడంలో అమియోడరోన్ వాటా కచ్చితంగా ఉంది. మొత్తం క్రెడిట్ బ్లాక్‌కి ఇచ్చేస్తే అది నిజాయితీ కాదు, ఒకే 24 గంటల్లో పొటాషియం, ప్రొప్రనొలాల్, సెడేషన్, అమియోడరోన్, బ్లాక్ అన్నీ పడ్డాయి. నేను చెప్పగలిగింది, బ్లాక్‌కి ముందు మిగతావన్నీ ఉండి కూడా షాక్ పడింది, బ్లాక్ తర్వాత పడలేదు.

ఇక్కడితో ఆగితే స్టార్మ్ మళ్లీ వస్తుంది, బ్లాక్ టైమ్ కొనిపెట్టింది అంతే. కొన్న టైమ్‌లో వీటీ అబ్లేషన్ చేశాం, అంటే క్యాథెటర్‌తో సర్క్యూట్ ఉన్నచోట కాల్చడం. ముందు గోడ, ఏపెక్స్ పెద్ద మచ్చ, దాని అంచున ఆలస్యంగా వచ్చే పొటెన్షియల్స్ ఉన్నచోట్లన్నీ కాల్చాం. క్లినికల్ వీటీ పోయింది, మళ్లీ ఇండ్యూస్ కాలేదు. కానీ ఇంకో ఫాస్ట్ వీటీ, సెప్టమ్ (రెండు వెంట్రికిల్స్ మధ్య గోడ) లోతుల్లోంచి వస్తున్నది, రెండువైపుల నుంచి కాల్చినా అందలేదు. ఈ డిటైల్ ముఖ్యం, తర్వాతి నిర్ణయం దీనిమీదే.

అందని సర్క్యూట్ ఉంది, స్టెల్లేట్ బ్లాక్‌కి మంచి రెస్పాన్స్ వచ్చింది. బ్లాక్‌కి రెస్పాండ్ అయితే సర్జరీకి కూడా కచ్చితంగా రెస్పాండ్ అవుతాడని చెప్పలేం, కానీ ఈ మనిషిలో నరాల వాటా పెద్దదే అని అది ఒక సూచన. కార్డియాక్ సింపథెటిక్ డినర్వేషన్, అంటే ఆ సింపథెటిక్ గొలుసుని సర్జరీతో తీసేయడం గురించి కుటుంబంతో కూర్చున్నాం. స్ట్రక్చరల్ గుండె జబ్బు ఉన్నవాళ్లలో 2017లో వచ్చిన ఇంటర్నేషనల్ డేటాలో 121 మంది, ఏడాదికి వీటీ గానీ షాక్ గానీ లేకుండా ఉన్నది 58 శాతం. అంటే పదిమందిలో నలుగురికి మళ్లీ వచ్చింది. ఆయన భార్య వెంటనే అడిగింది, "మరి నలుగురిలో ఈయన ఉంటే?" ఉంటే కూడా చాలామందిలో షాకుల సంఖ్య ముందుకన్నా తగ్గుతుందమ్మా, అంతకుమించి మాట ఇవ్వలేను అని చెప్పాను. ఆవిడ ఆ జవాబుకే ఒప్పుకుంది, పేషెంట్ అయితే ముందే సంతకానికి పెన్ను అడుగుతున్నాడు.

రెండువైపులా చేయాలా, ఎడమ ఒక్కటేనా అన్నది అసలు చర్చ. లాంగ్ క్యూటీలో ఎడమ చాలు. మచ్చ గుండెల్లో రెండువైపులా చేస్తే ఫలితం ఎక్కువ కాలం నిలుస్తుందని ఇప్పటిదాకా ఉన్న రెట్రోస్పెక్టివ్ డేటా చూపిస్తోంది, మచ్చ చుట్టూ రెండువైపుల నరాలూ కలగాపులగం కదా. కానీ ఈయన పాత స్మోకర్, ఊపిరితిత్తులు అంతంతమాత్రం, ఈ సర్జరీకి ఒక్కో ఊపిరితిత్తిని ముడిచి రెండోదానిమీద నడపాలి, అది రెండుసార్లు తట్టుకోవడం కష్టమని అనస్థీషియావాళ్లు అన్నారు. ఎడమ ముందు చేద్దాం, కుడి చేతిలో ఉంచుకుందాం అని తేల్చాం.

థొరాసిక్ సర్జన్ కెమెరాతో, చంక కింద మూడు చిన్న రంధ్రాల నుంచి, స్టెల్లేట్ కింది సగం, అక్కడినుంచి టీ4 దాకా గొలుసు తీశారు. పైసగం ముట్టుకోలేదు, దాన్ని వదిలేస్తే పర్మనెంట్ హార్నర్ రాకుండా ఉంటుంది. ఇది ష్వార్ట్జ్ మొదట్నుంచీ పట్టుబట్టిన పాయింట్లలో ఒకటి, స్టెల్లేట్ ఒక్కటే తీస్తే చాలదు, కింద టీ2, టీ3, టీ4 కూడా తీయాలి, లేకపోతే సగం దారి తెరిచే ఉంటుంది. పేపర్లలో "డినర్వేషన్ ఫెయిల్" అని చదివినప్పుడు ఎంతవరకు తీశారో చూడండి.

తీసిన ముక్కని హిస్టాలజీకి పంపి గ్యాంగ్లియన్ సెల్స్ ఉన్నాయని కన్ఫర్మ్ చేసుకున్నాం. డ్రెయిన్ మర్నాడు తీశారు. చంక కింద నొప్పి కొన్ని వారాలు ఉంది, మంటలాంటిది, గాబాపెంటిన్‌తో తగ్గింది. కన్రెప్ప వాలలేదు. ఎడమ అరచేయి పొడి, కుడి అరచేయి మామూలు, వీపు మీద చెమట పెరిగింది, ఆయనకి ఇదంతా వింతగా ఉంది కానీ బాధ లేదు.

ఆరు నెలల డివైస్ చెక్‌లో ఒక ఫాస్ట్ వీటీ, పేసింగ్‌తో కట్ అయింది. షాకులు లేవు. ప్రొప్రనొలాల్ 160 మి.గ్రా రోజుకి, అమియోడరోన్ తగ్గించి 100. ఈఎఫ్ పెరగలేదు, పెరుగుతుందని ఎవరూ అనుకోలేదు కూడా.

ఇక చెప్పాల్సింది షాకుల భయం. డిశ్చార్జ్ తర్వాత రెండుసార్లు రాత్రి షాక్ కొట్టిందని పరిగెత్తుకొచ్చారు, డివైస్‌లో ఏమీ లేదు. దీన్ని ఫాంటమ్ షాక్ అంటాం, స్టార్మ్ చూసిన వాళ్లలో అరుదేం కాదు. ఏమీ లేదు వెళ్లండి అని పంపిస్తే సగం ట్రీట్‌మెంటే, నరాలు రేగితే వీటీ వస్తుందని మనమే ఇంతసేపు చెప్పుకున్నాం, ఆ భయం రోజూ సింపథెటిక్‌ని గిల్లుతూనే ఉంటుంది. సైకియాట్రీవాళ్లకి చూపించాం. మందు ఎంచుకునేటప్పుడు క్యూటీ పెంచనిది చూడమని, ముఖ్యంగా అమియోడరోన్ మీద ఉన్నాడని, నోట్‌లో రాసి పంపాం. కౌన్సెలింగ్ నడుస్తోంది, ఇప్పుడు ఒంటరిగా పడుకోగలుగుతున్నాడు.

కుడివైపు చేయాలా అన్నది ఇంకా తేలలేదు. ఆ మిగిలిపోయిన సెప్టల్ వీటీ మళ్లీ షాక్ దాకా వస్తే ముందు కుడి స్టెల్లేట్ బ్లాక్ టెంపరరీగా ఇచ్చి చూద్దామని, సైనస్ రేటు ఎంత పడుతుంది, డివైస్ పేసింగ్ ఎంత పెరుగుతుంది చూసుకుని అప్పుడు సర్జన్‌తో మాట్లాడదామని ఫైల్‌లో రాసి పెట్టాం. ఈలోపు విరేచనాలు గానీ వాంతులు గానీ ఒక్కరోజు దాటితే పొటాషియం టెస్ట్‌కి రమ్మని చెప్పాం.